పద్నాలుగేళ్ళ అనధికార గైర్హాజరు

కథలు రాయడం మానేసినవాళ్ళ మీద ప్రభుత్వానికి ఉన్నట్టుండి అంత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. రాస్తున్నవాళ్ళ మీద మాత్రం ఎన్నడూ లేదు. ఎవరో పెద్ద అధికారి ఏదో శిక్షణకు వెళ్ళారట. మనిషి చేయవలసిన పని చేయకపోతే లోపల అపరాధభావం పేరుకుంటుందనీ, అది జిల్లా ఉత్పాదకతను దెబ్బతీస్తుందనీ అక్కడ విని వచ్చారట. వచ్చిన వారంలోనే సర్వే జరిగింది. మా ఒక్క జిల్లాలోనే రాయడం మానేసిన రచయితలు నాలుగు వందల పదకొండు మంది తేలారు. వాళ్ళలో నేనూ ఒకదాన్ని.

అలా పుట్టింది రచనా విరామ క్రమబద్ధీకరణ కార్యాలయం. పాత పశువైద్యశాల భవనం ఖాళీగా ఉంటే అందులో పెట్టారు. గోడ మీద పెద్ద ఎర్ర అక్షరాలతో 'అపరాధభావ రహిత జిల్లాగా మన జిల్లా' అని రాయించారు. సున్నం పలచగా కొట్టడం వల్ల, ఆ అక్షరాల వెనక 'గాలికుంటు వ్యాధి రహిత జిల్లాగా మన జిల్లా' అన్నది ఇంకా కనిపిస్తూనే ఉంది.

నిబంధన సులువైనదే. మూడేళ్ళకు మించి రాయకుండా ఉన్న రచయిత మళ్ళీ రాయాలంటే, రాయని కాలాన్ని ముందు క్రమబద్ధం చేయించుకోవాలి. ఉద్యోగి సెలవుచీటీ పెట్టకుండా డ్యూటీకి ఎగనామం పెడితే ఏం చేస్తారో అదే ఇదీను. రాయని ప్రతి ఏడూ అనధికార గైర్హాజరు. దానికి సంజాయిషీ ఇచ్చుకోవాలి. సంజాయిషీ నచ్చితే పునఃప్రవేశ పత్రం ఇస్తారు. ఆ పత్రం లేనివాళ్ళ కథ వేసుకున్న పత్రికను గ్రంథాలయాలు తీసుకోవు.

నా పేరు బెవర హైమావతి. మా ఊరి బస్టాండులో ఎంక్వయిరీ కౌంటరు నాది. మావైపు బస్టాండుని కాంప్లెక్స్ అంటారు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో, ఉంటే ఎంతసేపుంటుందో చెప్పడం నా పని. ఉద్యోగంలో చేరిన కొత్తలో, బస్సుకీ బస్సుకీ మధ్య దొరికే ఖాళీలో తొమ్మిది కథలు రాశాను. తొమ్మిదోది అచ్చయి పద్నాలుగేళ్ళయింది.

ఆ తొమ్మిదీ వేసిన సంపాదకుడు భుజంగరావు గారు. ఆయన నడిపే చిన్న మాసపత్రికకు చందాదారులకంటే చెదలు ఎక్కువని ఆయనే అంటారు. పద్నాలుగేళ్ళుగా ఏటేటా నాకో కార్డు రాస్తున్నారు, 'కథ ఏది?' అని. రెండే మాటలు. వచ్చిన కార్డును వచ్చినట్టే బస్సుల టైంటేబులు కింద తోసేసేదాన్ని. ఈసారి కార్డు రాయలేదు, ఫోన్ చేశారు.

"అమ్మా హైమావతీ, పత్రిక మూసేస్తున్నాను. దీపావళి సంచికే ఆఖరు. నీకు నాలుగు పేజీలు ఉంచాను."

"నాకెందుకండీ మాస్టారూ, ఎవరైనా కొత్తవాళ్ళకి..."

"కొత్తవాళ్ళకి వేరే ఇచ్చాను. ఇవి నీవి. నువ్వు రాయకపోతే పైన నీ పేరు పెట్టి, నాలుగు పేజీలూ తెల్లగా వేస్తాను. అందరూ చూస్తారు."

"అంత పని చేయకండి!"

"చేస్తాను. నాకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఎవరికి భయపడాలి? అన్నట్టు, ఆ కొత్త ఆఫీసు కాగితం ఏదో తెచ్చిపెట్టుకో. గ్రంథాలయాలకి వెళ్ళకపోతే మనల్ని చదివేవాళ్ళే లేరు."

దాచడమెందుకు, ఆ చివరి మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. రాయకపోవడానికి పద్నాలుగేళ్ళుగా నా దగ్గర చెప్పుకోదగ్గ కారణం ఒక్కటీ లేదు. ఇప్పుడు ప్రభుత్వమే పిలిచి ఇస్తోంది. ఆ కాగితం దీపావళిలోగా రాదని నాకు గట్టి నమ్మకం. నేను రాయబోయాననీ, ఆఫీసువాళ్ళు అడ్డుపడ్డారనీ చెప్పుకోవచ్చు. మర్నాడే సెలవు పెట్టి, ఎంతో ఉత్సాహంగా దరఖాస్తుకు బయల్దేరాను.

కార్యాలయ సూపరింటెండెంటు గేదెల అప్పలనరసయ్య గారు మత్స్యశాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చినవాడు. ముప్పై ఏళ్ళు చేపపిల్లల పంపిణీ చూసి, రిటైరయ్యే ముందు రచయితల మీద పడ్డాడు. మనిషి మంచివాడే గాని రెండు భాషల్లో మాట్లాడతాడు. ఫైలు తెరిస్తే ఒకటి, మూస్తే ఒకటి.

"ముందు మీరు రచయిత్రి అన్న రుజువు జతపరచవలెను," అన్నాడు ఫైలు తెరిచి.

నా తొమ్మిది కథలూ బల్ల మీద పెట్టాను. ఆయన ఫైలు మూసేశాడు.

"కతలు ఎవులైనా రాస్తారండి. సర్టిఫికెట్టు ఉన్నాదా?"

లేదన్నాను. తెమ్మంటే, గెజిటెడ్ అధికారి సంతకంతో ఒకటి తెచ్చాను. మా డిపో దగ్గరున్న పశువుల డాక్టరు గారు నా కథలు చదవకుండానే, 'ఈమె నాకు తెలిసినంతవరకు రచయిత్రి' అని రాసిచ్చారు.

తర్వాత నాలుగో నంబరు నమూనా ఫారం. అందులో పదకొండో కాలమ్: 'రాయనందువల్ల కలిగిన అపరాధభావం: స్వల్పం, మధ్యస్థం, తీవ్రం. సంబంధిత గడిలో టిక్కు పెట్టవలెను.' నేను అలవాటు కొద్దీ మధ్యస్థం దగ్గరకు పెన్ను తీసుకెళ్ళాను.

"అది పెట్టకండమ్మా," అన్నాడు అప్పలనరసయ్య గొంతు తగ్గించి. "స్వల్పమైతే సమావేశాలకొస్తే సాలు. తీవ్రమైతే డాక్టరు సూస్తారు. మద్దిన పెట్టేరంటే రెండూ తగులుకుంటాయి."

స్వల్పం దగ్గర పెట్టాను. అబద్ధమే అనుకోండి. చివరగా ఒక హామీపత్రం ముందుకు తోశాడు. 'దరఖాస్తు పరిశీలనలో ఉన్నంతకాలం యథాతథ స్థితిని పాటించెదననియు, కథ గాని, కథ వంటిది గాని, కథకు దారితీయునది గాని రాయననియు ఇందుమూలముగా హామీ ఇచ్చుచున్నాను.' ఇంత సంతోషంగా నేను ఎక్కడా సంతకం చేసి ఎరగను. పద్నాలుగేళ్ళుగా చేస్తున్న పనే కదా.

వారం తిరక్కుండా క్షేత్ర తనిఖీకి వచ్చారు. రాయడానికి ఇంట్లో సదుపాయం ఉండి కూడా రాయలేదా, లేనందువల్ల రాయలేదా అన్నది తేల్చాలట. అప్పలనరసయ్య టేపు పెట్టి నా బల్ల కొలిచాడు. పొడవు మూడున్నర అడుగులు, వెడల్పు రెండు. దాని మీద ఉన్నవాటికి పంచనామా రాశాడు: ఇస్త్రీకి వేయవలసిన బట్టలు ఒక గుట్ట, కుక్కరు రబ్బరు ఒకటి, మా ఆయన బీపీ మాత్రలు, ఎవరిదో పెళ్ళి శుభలేఖ, మూత పోయిన పెన్ను. పెన్ను పనిచేస్తుందో లేదో గోడ మీద గీసి చూశాడు. పనిచేయలేదు. 'ప్రతికూల పరిస్థితి నిర్ధారణ అయినది' అని రాసుకున్నాడు. సాక్షి సంతకానికి పక్కింటి సన్నెమ్మను పిలిచారు.

"సదరు హైమావతి గారు గత పద్నాలుగు సంవత్సరములలో రాయుచుండగా మీరు చూసియున్నారా?"

"నాను సూడనేదు బాబూ," అంది సన్నెమ్మ హడలిపోయి. "మంచి మనిసి. అలాటి పన్లేవీ సెయ్యదు."

నాలుగు నెలల కథలో ఇది మొదటి మెట్టే. రెండో మెట్టు శుక్రవారం సమావేశాలు. డెబ్బై అయిదు శాతం హాజరు తప్పనిసరి. జిల్లా అధికారి విశ్వంభరం గారు స్వయంగా వచ్చి మమ్మల్ని నిలబెట్టి చెప్పించేవారు: "నేను రాయలేదు. అందుకు నేను బాధపడుట లేదు. ఈ విషయము ప్రభుత్వము దృష్టిలో ఉన్నది." మూడుసార్లు. తర్వాత టీ, రెండు బిస్కెట్లు.

నేను అనుకున్నదానికంటే జనం ఎక్కువ వచ్చారు. రాయనందుకు ఇన్నాళ్ళూ మొహం చాటేసినవాళ్ళు, ఇప్పుడు రాయకపోవడానికి ఒక కుర్చీ, టీ, హాజరుపట్టీ దొరికేసరికి విచ్చుకున్నారు. ఎవరు ఎక్కువకాలం రాయలేదో వాళ్ళకు ముందు వరస. సీనియారిటీ జాబితా తయారుచేసి నోటీసుబోర్డులో అంటించారు. నా పద్నాలుగేళ్ళకు వెనక నుంచి మూడో వరస వచ్చింది. ఇరవై ఆరేళ్ళుగా రాయనివాడొకడు నా వంక జాలిగా చూసి, "ఇప్పుడిప్పుడే మానేసినట్టున్నారు," అన్నాడు.

జాబితాలో మొదటి పేరు ఎవరిదని విచారిస్తే, బాలిబోయిన తవుడు గారని ఒక పెద్దమనిషిదట. విరామం అరవై రెండేళ్ళు. పుట్టినప్పటినుంచీ ఒక్క ముక్క కూడా రాయలేదు. నిబంధన ప్రకారం ఆయనకు ఎదురులేదు. సర్వేకు వచ్చినవాళ్ళు రాస్తారా అని అడిగితే లేదన్నాడట, నమోదు చేసుకుని పోయారట. రాయని రచయితల సంఘానికి ఆయన్నే అధ్యక్షుణ్ణి చేసి, శాలువా కప్పి, విశ్వంభరం గారు ప్రసంగించారు: "ఆరు దశాబ్దములపాటు ఎట్టి అపరాధభావమునకు లోనుగాక, అచంచల దీక్షతో..." తవుడు గారు ఆనందంతో కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ చప్పట్లు కొట్టాను. ఆయన్ని చూస్తే అసూయ వేసింది. ఒక్క కథ కూడా రాయకుండా ఉంటే నాకూ ఈ బాధ లేకపోను.

మూడో మెట్టు సంవత్సరవారీ సంజాయిషీ. ఏడాదికొక కాగితం, మొత్తం పద్నాలుగు. అన్నింటి మీదా 'వీలు పడలేదు' అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను. పద్నాలుగూ తిరిగొచ్చాయి. 'కారణం సంతృప్తికరముగా లేదు. వివరముగా రాసి తిరిగి సమర్పించగలరు.'

సరే, వివరంగా కావాలంటే వివరంగానే. అయిదో ఏడు పట్టుకున్నాను. ఆ ఏడు మా అత్తగారికి మతి తప్పింది. మధ్యాహ్నం అన్నం తిని, తలకు నూనె రాసుకుని, సంచి సర్దుకుని నా కౌంటరు దగ్గరకు వచ్చేది, వాళ్ళ పుట్టింటి ఊరికి బస్సెప్పుడని. ఆ ఊరు ఆవిడ పెళ్ళయిన పదేళ్ళకే రిజర్వాయరు కింద మునిగిపోయింది. నేను రోజూ ఒక టైము చెప్పేదాన్ని. ఆవిడ బెంచీ మీద కూర్చునేది, సాయంత్రం నాతో ఇంటికి వచ్చేది. ఇందులో రాయడానికి ఖాళీ ఎక్కడిదని అడుగుతూ ముగించాను. ఆరు పేజీలు వచ్చింది.

నాలుగు రోజుల్లో మెమో. 'మునిగిన గ్రామమునకు బస్సు లేదని సదరు వృద్ధురాలికి ఎన్నడైనా తెలియజేసితిరా? లేనిచో కారణమేమి? రోజూ ఒకే సమయము చెప్పెడివారా, మార్చెడివారా? స్పష్టత ఇవ్వగలరు.'

ఇచ్చాను. మరో అయిదు పేజీలు. ఏడో ఏడు గురించి రాస్తూ, మా కాంప్లెక్స్ కుక్క రోజూ మొదటి బస్సెక్కి మార్కెట్టు దగ్గర దిగి, మధ్యాహ్నం బస్సులో తిరిగొచ్చే సంగతి మాటవరసకు రాశాను. మెమో: 'సదరు శునకము వర్షాకాలములోనూ ప్రయాణించెడిదా?' తొమ్మిదో ఏడు మా ఆయన హార్మోనియం నేర్చుకున్నాడు. ఆ ఏడు నేనే కాదు, వీధిలో ఎవరూ ఏ పనీ చేసుకోలేకపోయారు. మెమో: 'హార్మోనియం ప్రస్తుతము ఎవరి అధీనములో ఉన్నది?'

నాకు మండింది. వీళ్ళకు హార్మోనియంతో ఏం పని? అడిగేద్దామని భోజనాల వేళ ఆఫీసుకు వెళ్ళాను. తలుపు దగ్గరే ఆగిపోయాను. బల్లల మీద క్యారేజీలు తెరిచి పెట్టుకుని స్టాఫంతా కూర్చున్నారు. మధ్యలో అప్పలనరసయ్య కళ్ళజోడు పెట్టుకుని నా అయిదో ఏడు సంజాయిషీ పైకి చదువుతున్నాడు. టైపిస్టు అన్నంలో చెయ్యి పెట్టి కలపడం మర్చిపోయింది. నన్ను చూసి ఆయన కాగితాలు ఫైల్లో దాచబోయాడు.

"ఈ మెమోలన్నీ దేనికండీ?" అన్నాను.

"రూల్స్ ప్రకారం..." అని మొదలుపెట్టి, ఫైలు మూసేసి, తలవంచుకున్నాడు. "ఆబ్జెక్షను పెట్టకపోతే మీరు ఆపేస్తారు కదమ్మా. ఆ పైన ఏటయినాదో మాకెలగ తెలుస్తాది?"

బయటకు వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక గాని తట్టలేదు, నేను రాస్తున్నానని. అప్పటిదాకా ఆ ఊహే రాలేదు. కథైతే బాగుండాలి, తొమ్మిదోదానికంటే గొప్పగా ఉండాలి, ఇన్నేళ్ళు ఆగినందుకు తగ్గట్టుండాలి. సంజాయిషీకి ఆ గొడవ లేదు. నిజమైతే చాలు. అందుకే చెయ్యి ఆగలేదు కాబోలు. తెలియగానే భయం వేసింది గాని, అప్పటికే పదమూడేళ్ళ సంజాయిషీలు అయిపోయాయి. ఒక్కటే మిగిలింది, మొదటిది.

మొదటి ఏడుకు నేను మళ్ళీ 'వీలు పడలేదు' అనే రాశాను. తిప్పి పంపారు. మళ్ళీ అదే రాశాను. మళ్ళీ పంపారు. మూడోసారి విశ్వంభరం గారు స్వయంగా పిలిపించారు.

"అమ్మా, తరువాతి పదమూడు సంవత్సరముల గైర్హాజరుకు ప్రథమ సంవత్సరమే మూలము. మూలము తేలనిదే శాఖాపరముగా ఏ నిర్ణయమునకూ రాజాలము. ఆ సంవత్సరము మీకు ఏ అవాంతరము కలిగినది? అనారోగ్యమా? ప్రసూతియా? బదిలీయా?"

"ఏదీ కాదండీ."

"అట్లయిన మీ పేరిట అపరాధభావము నిల్వ ఉండిపోవును. లక్ష్యము దెబ్బతినును. పై వారికి నేనేమని జవాబివ్వను?"

ఆయన బాధ నిజమైనదే. అక్టోబరు ఆఖరులోగా జిల్లాలో ఒక్క అపరాధభావం కూడా మిగలకూడదు. నాలుగు వందల పది మందివి తేలిపోయాయి, నాదొక్కటే ఉంది. ఇంటికి వచ్చి బల్ల మీద బట్టలు పక్కకు జరిపి కూర్చున్నాను. పద్నాలుగేళ్ళుగా మా ఆయనకు కూడా చెప్పని సంగతి, మత్స్యశాఖ సూపరింటెండెంటు గారి పరిశీలనార్థం రాశాను.

అప్పుడు నేను తొమ్మిదో కథ చివరి పేరాలో ఉన్నాను. కౌంటరు కింద అట్ట పెట్టుకుని రాస్తున్నాను. ఉదయం పదకొండున్నర. ఒక మనిషి వచ్చి కొండమీద ఊరికి వెళ్ళే బస్సు ఉందా అని అడిగాడు. ఆ ఊరికి రోజుకు రెండే బస్సులు. వాక్యం సగంలో ఉంది. తల ఎత్తకుండానే "వెళ్ళిపోయింది, మళ్ళీ మూడూ యాభైకి" అన్నాను. నిజానికి వెళ్ళిపోయిందో లేదో నేను చూడలేదు. అలా చెబితే మనిషి వెళ్ళిపోతాడని తెలుసు, అంతే. పది నిమిషాల తర్వాత కండక్టరు వచ్చి రిజిస్టరులో సంతకం పెడుతూ, "కొండమీద బస్సు ఇప్పుడు తీస్తున్నామమ్మా, అయిదో నంబరు నుంచి," అన్నాడు.

అప్పుడైనా పరుగెత్తి పిలవచ్చు. బస్సు అడిగిన ముసలాయన నా ఎదురుగా బెంచీ మీదే ఉన్నాడు. ఒళ్ళో రొట్టె ప్యాకెట్టు, ఒక కొత్త తువ్వాలు. పిలిస్తే నేను అబద్ధం చెప్పానని తెలిసిపోతుంది. సిగ్గేసింది. తల వంచుకుని కథలోకి వెళ్ళిపోయాను. నాలుగు గంటలు ఆయన అక్కడ కూర్చున్నాడు. ఆ నాలుగు గంటలూ ఆయన మొహం చూడకుండా ఉండటానికి నేను చివరి పేరాని చెక్కుతూనే ఉన్నాను. మూడూ యాభైకి లేచి కౌంటరు దగ్గరకు వచ్చాడు.

"ఎల్లొస్తానమ్మా. సెప్పి మంచి పని సేసినావు, నేకపోతే పిలాట్‌ఫారాలన్నీ ఎతుక్కుందును. కూతురికి పురుడు కష్టమైనాదని కబురొచ్చినాది."

ఆ అమ్మాయి ఏమయిందో నాకు తెలియదు. ఆ ముసలాయన మళ్ళీ కనబడలేదు. ఆ కథ మాత్రం చాలా బాగా వచ్చింది. దయ గురించి రాసిన కథ అది. 'మనుషుల్ని మీరెంత దగ్గరగా చూస్తారండీ' అని పాఠకులు ఉత్తరాలు రాశారు. ఆ తర్వాత నేను పెన్ను పట్టుకుంటే ఆ బెంచీ కనిపించేది.

ఇదంతా తొమ్మిది పేజీల్లో రాసి, 'అందువలన వీలు పడలేదు' అని ముగించి ఇచ్చేశాను. ఆబ్జెక్షను రాలేదు. వారం గడిచినా రాలేదు. పదకొండో రోజున ఉత్తర్వు తీసుకుని అప్పలనరసయ్య గారే కాంప్లెక్స్‌కు వచ్చాడు. కౌంటరు బయట నిలబడి, ఫైలు తెరిచి చదివాడు.

"దరఖాస్తుదారు శ్రీమతి బెవర హైమావతి, యథాతథ స్థితికి సంబంధించిన హామీని ఉల్లంఘించి, సంజాయిషీల ముసుగులో నాలుగు నెలల కాలములో రెండు వందల పన్నెండు పేజీల మేరకు కథకు దారితీయునవి రాసినట్లు రుజువైనందున, దరఖాస్తు తిరస్కరించడమైనది. ఇకపై మూడు సంవత్సరములపాటు వీరు రాయరాదు. మూడు సంవత్సరములు రాయకుండుటచే ఏర్పడు విరామమును క్రమబద్ధీకరించుకొనుటకు అటుపిమ్మట దరఖాస్తు చేసుకొనవచ్చును."

కౌంటరు కిటికీలోంచి చెయ్యి చాచాను. "నా కాగితాలైనా ఇప్పించండి. ఆ మొదటి ఏడు కాగితం ఒక్కటి చాలు. సోమవారంలోగా పత్రికకు ఇవ్వాలి."

"అవి శాశ్వత రికార్డులో జమ అయినవి. నకలు నిమిత్తము దరఖాస్తు చేసినచో ఆరు మాసములలో..."

"నేను ఆపేస్తానేమోననే కదా మీరు మెమోలు పంపింది?"

ఆయన ఫైలు మూశాడు. దాన్ని చంకలో పెట్టుకుని ప్లాట్‌ఫారాల వైపు తిరిగాడు.

"నానే నోట్ పెట్టవలసి వొచ్చిందమ్మా. రిటైర్మెంటు దగ్గిర పడ్డాది, పై నుంచి అడుగుతున్నారు. మీ ఫైలు మూస్తే జిల్లా అయిపోద్ది." తర్వాత అన్నాడు, "ఒక్క మాట. ఇది ఆబ్జెక్షను కాదు. ఆ రోజు మీ కత ఎలగొచ్చిందో రాసేరు. ఆ ముసలాయన మొహం ఎలగున్నాదో రాయనేదేటి?"

"చూడలేదండీ," అన్నాను. "అందుకే రాయలేదు."

"అదీ రాయనేదు," అన్నాడాయన, సంతకానికి రిజిస్టరు ముందుకు తోస్తూ.

ఆ సాయంత్రమే మా జిల్లాను అపరాధభావ రహిత జిల్లాగా ప్రకటించారు. పెండింగు ఒక్కటీ లేదు కాబట్టి అపరాధభావమూ లేదు. తవుడు గారు రిబ్బను కత్తిరించారట. శాలువాలు చాలక పశువైద్యశాల కర్టెన్లు కప్పారని గిట్టనివాళ్ళు అన్నారు. నేను వెళ్ళలేదు. భుజంగరావు గారికి ఫోన్ చేశాను.

"మాస్టారూ, కాగితం రాలేదు. పైగా నేను రెండు వందల పన్నెండు పేజీలు రాశానని ముద్ర వేసి మరీ ఇచ్చారు."

"రాశావా?" అన్నారాయన. "ఎక్కడున్నాయి?"

"వాళ్ళ బీరువాలో. మళ్ళీ రాస్తే గ్రంథాలయాలు తీసుకోవు కదా?"

"పోనీ. మీ కాంప్లెక్స్ బెంచీల మీద పెట్టు. బస్సు కోసం కూర్చున్నవాళ్ళు చదువుకుంటారు. సోమవారం పది గంటలకు అచ్చుకు ఇస్తాను. కాగితాలతో వస్తావో, తెల్ల పేజీలే వేయమంటావో నీ ఇష్టం."

ఇప్పుడు నా దగ్గర సాకు ఏదీ లేదు. ఉన్న ఒక్కదానికీ ప్రభుత్వమే సున్నా చుట్టి చేతిలో పెట్టింది. పద్నాలుగేళ్ళు రాయలేకపోయినదాన్ని, రాసిన నేరానికి దొరికిపోయాను. కాదనడానికి లేదు, గుండ్రటి సీలు ఉంది. ఆదివారం డ్యూటీలో, కౌంటరు కింద అట్ట పెట్టలేదు, బల్ల మీదే పెట్టుకున్నాను. చేతికి అందిన కాగితం ఆ ఉత్తర్వే. తిప్పి వెనకవైపు మొదలుపెట్టాను. బీరువాలో ఉన్నదాన్ని గుర్తుచేసుకోబోతే రాలేదు. అందుకని బెంచీ దగ్గర నుంచి, ఆయన కూర్చున్న వైపు నుంచి రాశాను. మొహం దగ్గరకు వచ్చినప్పుడు, చూడలేదని రాశాను.

ఆదివారమేమో జనం ఎక్కువ. పేరాకు ఇద్దరు వచ్చి అడుగుతారు. పదకొండు దాటేసరికి చివరి పేరాలోకి వచ్చాను. వాక్యం సగంలో ఉంది, ఎలా ముగుస్తుందో కనిపిస్తోంది, చెయ్యి దానంతటదే పోతోంది.

"కొండమీది బస్సు ఎల్లిపోనాదేటమ్మా?"

తల ఎత్తి చూశాను. నడివయసు ఆడమనిషి. చెంపకు పట్టిన చెమటలో వెంట్రుకలు అతుక్కుపోయాయి, పై పెదవి మీద చిన్న మచ్చ, కళ్ళలో నిద్ర లేదు. చంకలో పిల్ల. పెన్ను కింద పెట్టి లేచాను. కౌంటరు తలుపు తీసుకుని బయటకు వెళ్ళి, అయిదో నంబరు దాకా నడిచి చూశాను. బస్సు ఉంది, ఇంజను వేసి ఉంది. చెయ్యెత్తి డ్రైవరును ఆపి, ఆమె సంచి నేనే పట్టుకుని ఎక్కించాను. కిటికీ పక్కన కూర్చుని పిల్ల చేత నాకు చెయ్యి ఊపించింది. బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను.

భయపడుతూ కౌంటరుకు తిరిగి వచ్చాను. ఇన్నేళ్ళూ నేను అనుకున్నదేమిటంటే, లేస్తే అది పోతుందని. వాక్యం నేను వదిలిన చోటే ఉంది. కూర్చుని పూర్తిచేశాను.